రుచి చూడకుండా కట్టిన డబ్బా

మా చెల్లెలి కూతురు ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ నా దగ్గరే ఉంటుంది. నెలకొకసారి దాని పేరు మీద ఒక డబ్బా వస్తుంది. లోపల చిన్నచిన్న సంచుల్లో వేయించిన తామర గింజలు, రాగి బిళ్ళలు, అవిసె గింజల లడ్డూలు ఉంటాయి. ఆరోగ్యానికి మంచివట. ఏడాది చందా ముందే కట్టేసింది. సగం సంచులు వంటింటి అలమరలో అలాగే పడి ఉంటాయి. అది వేరే సంగతి.

మొన్న ఒక సాయంత్రం డబ్బా విప్పుతూ అడిగింది. "పెద్దమ్మా, ముప్పై ఆరేళ్ళు పోస్టాఫీసుల చేసినవు గదా. ఇట్ల నెలనెలా పోస్టుల తెప్పించుకునుడు దండగంటవా, పనికొస్తదంటవా?"

తినేవాళ్ళ సంగతి అడిగితే జవాబు తేలికే. తెప్పించుకున్నది తింటే పనికొచ్చినట్టు, అలమరలో పెట్టి పురుగులకు పెడితే దండగ. ఆ మాటే చెప్పి ఊరుకోవచ్చు. కానీ డబ్బాకు ఇంకో కొస కూడా ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఒక మనిషి కూర్చుని దాన్ని నింపాలి, కట్టాలి, ఫలానా తారీఖుకు మన కౌంటరు మీద పెట్టాలి. ఆ కొస దగ్గర నేను ఎనిమిది నెలలు నిలబడ్డాను. నిలబడి ఏం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మన డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. నేను ఎప్పుడూ వరదలో సంచులు తల మీద మోసిన కథ చెప్తాను. అది నాకు పేరు తెచ్చిన కథ కనుక. ఇది ఆ కథ కాదు.

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు నన్ను పెనుబల్లి వైపు నుంచి భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న ఒక చిన్న సబ్ పోస్టాఫీసుకు బదిలీ చేశారు. మోకాళ్ళ నొప్పులని, షుగర్ మొదలవుతోందని ఎంత మొత్తుకున్నా వినలేదు. తిట్టుకుంటూనే వెళ్ళాను. రెండు గదులు, వెనక ఒక వరండా, ఒక తూకం మెషిన్, నెట్‌వర్క్ ఉంటే పనిచేసే కంప్యూటర్. నాతోపాటు ఒక ప్యాకర్. సంచులు కట్టడం, సీలు వేయడం, వ్యాన్‌కు అందించడం అతని పని. అక్కడికి దగ్గర కోయ గూడెం అతనిది. యాభై దాటినవాడు. మాట తక్కువ. పది మాటలకు ఒక "అవ్ మేడం"తో సరిపెట్టేవాడు. ఆ "అవ్" ఎప్పుడు సరేనన్నట్టో, ఎప్పుడు నీ కర్మ అన్నట్టో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను కొత్తగూడెంలో బొగ్గు బావి కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగాను. సైరన్ కూతతో లేచి, సైరన్ కూతతో తినేవాళ్ళం. మా నాయన షిఫ్టుకు అయిదు నిమిషాలు ముందుండేవాడు తప్ప ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఆ పిచ్చి నాకూ పట్టింది. నా సర్వీసు మొత్తంలో నా చేతి మీదుగా వెళ్ళాల్సిన సంచి టైం తప్పలేదని గర్వం నాకు. చర్చిలో కూడా పాస్టరు గారు ప్రార్థన లేటుగా మొదలుపెడితే గడియారం చూసేదాన్ని. "నీకు దేవుడి కంటే టైమే ఎక్కువ" అని మా అమ్మ తిట్టేది.

రిటైర్మెంటుకు ముందటి ఏడు వానాకాలంలో ఒకామె కౌంటరు దగ్గరికి వచ్చింది. మా ప్యాకర్ వాళ్ళ గూడెమే. ముప్పై అయిదు, ముప్పై ఆరు ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. టేకాకులో ఏదో పొట్లం కట్టి తెచ్చింది.

"ఇది సిస్టరమ్మకు పంపాలె మేడం" అంది.

సిస్టరమ్మ అంటే అక్కడి దవాఖానాలో కొన్నాళ్ళు పనిచేసి హైదరాబాదు బదిలీ అయిపోయిన నర్సు. పొట్లంలో ఇప్పపువ్వు లడ్డూలు. ఎండిన ఇప్పపువ్వును దోరగా వేయించి, నువ్వులూ బెల్లమూ వేసి దంచి ఉండలు కడతారు. ఆకు పొట్లం పోస్టులో వెళ్ళదని నేను విసుక్కున్నాను. విసుక్కుంటూనే ఒక పాత అట్టపెట్టె వెతికి, లోపల కవరు వేసి, నేనే కట్టి పంపాను. ఖాళీగా ఉంటే నాకు తోచదు.

పది రోజులకు నర్సు నుంచి ఫోన్. తనతో పనిచేసేవాళ్ళందరూ తిన్నారట. రక్తం తక్కువున్నవాళ్ళకు మంచిదని డాక్టరమ్మ కూడా అడిగిందట. ఎనిమిది మందికి కావాలి, ప్రతి నెలా కావాలి అంది. అప్పుడు నా బుర్రలో బల్బు వెలిగింది. పట్నంలో ఇలాంటి డబ్బాలకు చందాలు కడుతున్నారని పేపర్లో చదివాను. ఇక్కడి ఆడవాళ్ళు ఎందుకు చేయకూడదు? మా ఆఫీసుకు పార్సిళ్ళు పెరుగుతాయి, పైనుంచి మాట పడటం తప్పుతుంది. ఆ స్వార్థం లేదని అబద్ధం చెప్పను.

పొట్లం తెచ్చిన ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమె ఒకటే అడిగింది.

"నెలనెలా గిట్ల పోతే, మేం మిర్చికి పోకుంట ఎల్తదా మేడం?"

ఆ ప్రాంతం ఎరగనివాళ్ళకు చెప్పాలి. సంక్రాంతి దాటితే గూడేల్లో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. ఆడవాళ్ళు మేస్త్రీల వెంట ట్రాలీల్లో మిర్చి ఏరడానికి వెళ్తారు. చేల గట్ల మీద గుడిసెలు, కళ్ళలో మంట, చేతులకు దద్దుర్లు. వెంట పిల్లలు కూడా వెళ్తారు. ఆమెకు ఒక్కతే కూతురు, అప్పుడు ఏడో తరగతి. ప్రతి ఏడూ జనవరి నుంచి బడి పోతుంది, మళ్ళీ జూన్లో వెనకబడి కూర్చుంటుంది. "పోయినేడు సారు అన్నడు, గిట్లయితే పిల్ల పది దాటదని" అంది. నేను బల్ల మీద చెయ్యేసి మరీ చెప్పాను, ఈసారి మీరు మిర్చికి పోరు అని. ఆ మాట ఇచ్చింది నేను. ఆమె అడిగి ఇప్పించుకున్నది కాదు.

ఆరుగురు ఆడవాళ్ళు కలిశారు. డబ్బాలో ఇప్పపువ్వు లడ్డూలు, సారపప్పు, రాగి చెక్కలు. అట్టపెట్టె ఎలా మడవాలో, కవరు గాలి లేకుండా ఎలా కట్టాలో, టేపు కూడిక గుర్తులా ఎలా వేయాలో నేను నేర్పాను. ప్రతి నెలా ఇరవై అయిదో తారీఖు డబ్బాలు కౌంటరు మీద ఉండాలని గోడ మీద క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టాను. ఎనిమిది మందితో మొదలై నలభై దాటారు. నర్సు ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. "నెల డబ్బా" దాని పేరు.

ఆ ఆడవాళ్ళు వచ్చిన రోజు మా వరండా పెళ్ళివారిల్లే. ఒకరు కడుతుంటే ఒకరు ఆటపట్టించేవాళ్ళు. నా నడక అనుకరించి చూపిస్తే నేనే పొట్ట పట్టుకుని నవ్వాను. లడ్డూలు కట్టే ప్రతిసారీ మొదట పొట్లం తెచ్చిన ఆమే ఒకటి చిదిమి నోట్లో వేసుకునేది. కళ్ళు మూసుకుని నమిలి, "మంచిగైంది, కట్టుండ్రి" అనేది. ఆమె అలా అనేదాకా ఎవరూ కవరు ముట్టేవాళ్ళు కాదు.

"అన్నీ ఒక్క పొయ్యి మీదివే కదా, రోజూ చూడాల్నా?" అని ఒకసారి నేను అడిగాను.

"పువ్వు గదా మేడం. ఎండిందా లేదా కన్నుకు దెల్వదు. పంటికే తెలుస్తది" అంది.

జనవరి వచ్చింది. మేస్త్రీ ట్రాలీ వచ్చింది, వెళ్ళింది. ఆ ఆరుగురూ ఎక్కలేదు. ఆమె కూతురు ఆ నెల బడికి పోతూ మా ఆఫీసు ముందు నుంచి వెళ్తుంటే చూసి, ఏదో నేనే చదివిస్తున్నట్టు మురిసిపోయాను.

ఇక మార్చి. ఎక్కువ డబ్బాలు పోవడం వల్ల పాత పువ్వు ఫిబ్రవరితోనే అయిపోయింది. దాన్ని గురించి నాకు దిగులు లేదు. అడవి నిండా ఇప్పచెట్లు, కొత్త పువ్వు అప్పుడే రాలుతోంది. గూడెంలో ప్రతి వాకిట్లో ఆరబోసి ఉంది, దారిన పోతే వాసన వస్తోంది. ఇరవయ్యో తారీఖున ఆమె ఒక్కతే వచ్చింది.

"ఈ నెల కాదు మేడం. పండుగ కాలే" అంది.

"ఏం పండుగ?"

పక్కన సీలు వేయడానికి లక్క కరిగిస్తున్న ప్యాకర్ చెప్పాడు. "కొత్తపువ్వు పండుగ మేడం. అది చెయ్యంది కొత్త పువ్వు నోట పెట్టం, అమ్మం. ఏరుకొని ఎండపెట్టుకుంటం, గంతే."

"ఎప్పుడు పండుగ?"

"ఇయ్యాలటికి అయిపోవాలె. మా గూడెం పెద్ద పటేల్ తల్లి కాలం చేసింది గదా, ఆమె దినాలయ్యేదాక ఆపిండ్రు."

"ఆ దినాలెప్పుడు?"

"పెద్దలు కూసొని అనుకుంటరు మేడం. మా పండుగలకు తారీఖులుండవు."

తారీఖులుండవు అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. చూడండి, నాకు కోపం వస్తే ఎదుటివాళ్ళు చెప్పేది చెవికెక్కదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "ఎనిమిది నెలలు ఒక్కసారి తప్పలే. ఇప్పుడు తప్పితే వాళ్ళు ఇంకో దుకాణం చూసుకుంటరు. పట్నపోళ్ళకు మీ పండుగతోటి ఏం పని?" అన్నాను.

ప్యాకర్ మెల్లగా అన్నాడు. "సిస్టరమ్మకు ఒక్క ముక్క రాయండి మేడం. పండుగ కాలేదు, పది రోజులు ఆగమనండి. ఆగుతరు."

"పార్సిల్‌కు పండుగ ఉంటదా?" అన్నాను నేను.

ఆ మాట నేనే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆఫీసు మనిషిని కదా, రూలుకు సందు వెతకడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఇలా చెప్పాను: "మీరు తినొద్దు, సరే. తినమని నేనంటున్ననా? చేసి పంపండి. తినేది వాళ్ళు. వాళ్ళకు మీ పండుగ లేదు కదా, తప్పేముంది? పిల్ల బడి సంగతి ఆలోచించుకో."

చివరి మాట కావాలనే అన్నాను. ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

ఆమె చాలాసేపు క్యాలెండర్ మీది ఎర్ర గుండ్రం వైపు చూసింది. "మీరు పెద్దోళ్ళు మేడం" అని లేచి వెళ్ళిపోయింది. ప్యాకర్ నా వైపు చూడకుండా "అవ్ మేడం" అన్నాడు. ఆ "అవ్" ఏ రకందో నాకు బాగా తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

ఇరవై అయిదో తారీఖు పొద్దున ఆమె వచ్చింది. ఆరుగురికి బదులు ఇద్దరే. రెండో ఆమె వాళ్ళ ఆడబిడ్డ, మొహం ముడుచుకుని వరండా చివర కూర్చుంది. మిగతా నలుగురూ రామన్నారట. నవ్వులూ లేవు, ఆటపట్టించడాలూ లేవు. రెండు గంపల నిండా లడ్డూలు. చూడటానికి ఎప్పటికన్నా నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆ నిగనిగ తడి అని నాకు తెలియలేదు.

పదకొండున్నరకు వ్యాన్ వస్తుంది. నేను బార్‌కోడ్లు సిద్ధం చేసి, పెట్టెలు మడిచి, గడియారం చూస్తున్నాను. ఆమె మాత్రం గంప ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏందమ్మా, జల్దీ కట్టు" అన్నాను.

"చూసుడెట్ల మేడం?"

"ఏం చూసుడు?"

"రుచి. ఎండిందో లేదో. ఇంకా నాలుగు ఎండలు తగలాలెనేమో అనిపిస్తంది. తీపి గూడ అందాజగా ఏసిన. నేను నోట్లేసుకోవద్దు గదా."

నేను ప్యాకర్ వైపు చూశాను. అతనిదీ ఆ గూడెమే, అతనూ ముట్టరాదు. ఆమె గంపలోంచి ఒక లడ్డూ తీసి, రెండు చేతులతో నా ముందు పట్టింది.

"మీరన్నా ఒకటి నోట్లేసుకొని చెప్పుండ్రి మేడం. తీపి సరిపోయిందా?"

నేనేమన్నానో తెలుసా?

"అయ్యో, లేదమ్మా. మాకు లెంట్ నడుస్తంది. నలభై రోజుల శ్రమదినాలు. ఈస్టర్ దాకా నేను తీపి ముట్టను."

చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఆ నలభై రోజులు ఎవరికి ఇష్టమైంది వాళ్ళు మానేస్తాం. నాకు తీపి ఇష్టం కాబట్టి తీపి మానేస్తాను. ఒక్క ఏడు తప్పలేదు. జ్వరం వచ్చి నోరు చేదైతే కూడా చక్కెర వేసిన టీ తాగలేదు. అది మా పద్ధతి, దేవుడికి చెప్పుకున్న మాట, దాన్ని ఎవరైనా తప్పమంటే నేను ఊరుకుంటానా? ఆ నోటితోనే అయిదు రోజుల కింద ఆమెను తప్పమన్నాను. ఆ రెండూ ఒకటేనని ఆ నిమిషంలో నాకు తట్టలేదు. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, తట్టలేదు. తన కంట్లో దూలం తనకు కనబడదని ప్రతి ఏడూ చర్చిలో వినేదాన్నే.

ప్యాకర్‌కు తట్టింది. అతను లక్క పుల్ల పట్టుకుని నా మొహంలోకి ఒక్కసారి సూటిగా చూశాడు. ఆమె "గట్లనా మేడం" అని లడ్డూ మళ్ళీ గంపలో పెట్టింది. పెట్టి, కవర్లు తీసుకుని కట్టడం మొదలుపెట్టింది. "మంచిగైంది, కట్టుండ్రి" అన్న మాట ఆ రోజు ఎవరూ అనలేదు. పదకొండు ఇరవైకి సంచి సీలు పడింది. టైం తప్పలేదు.

తరువాత జరిగింది మీరు ఊహించుకోగలరు. సరిగా ఎండని ఇప్పపువ్వు, గాలి ఆడని కవరు, మార్చి ఎండ. అయిదో రోజుకే నర్సు ఫోన్ చేసింది. "మేడం, డబ్బాలు ఉబ్బినయ్. విప్పితే సారా వాసన కొడుతుంది. నురగ వచ్చింది. గ్రూపులో అందరూ నన్ను తిడుతున్నారు" అంది. చిన్నపిల్లలకని తెప్పించుకున్న ఒకాయన "అడవి నుంచి సారా పంపుతున్నారు" అని ఫోటో పెట్టాడట. రెండు రోజుల్లో గ్రూపు ఖాళీ. ఎనిమిది నెలల పని వారం రోజుల్లో పోయింది.

ఒక డబ్బా కారి పక్క పార్సిళ్ళు తడిశాయి. దాని మీద ఫిర్యాదు వచ్చింది, నన్ను సంజాయిషీ అడిగారు. కారణం రాయాల్సిన గడిలో నేను ఒక్క ముక్క రాశాను. పంపినవారి అజాగ్రత్త. నా సంతకం, ఆఫీసు ముద్ర. రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది, పెన్షన్ కాగితాలు పైన నడుస్తున్నాయి, ఇప్పుడు మచ్చ ఎందుకని భయపడ్డాను. నిజానికి అంత చిన్న ఫిర్యాదుకు ఏ మచ్చా పడదు. భయానికి లెక్కలుండవు.

గూడెంలో సంగతి ప్యాకర్ చెప్పాడు, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే. పువ్వు వేయించిన వాసన దాస్తే దాగేది కాదు కదా. పెద్దలు కూర్చున్నారు. ఎందుకు చేశావని అడిగారు. "నా బుద్ధి గడ్డి తిన్నది" అందట. కోడినీ కొబ్బరికాయనూ పెట్టి తప్పు ఒప్పుకుంది. ఊరు మన్నించింది. కానీ ఆ నలుగురు ఆడవాళ్ళూ మళ్ళీ ఆమెతో కలిసి పొయ్యి వెలిగించలేదు.

"నా పేరు చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పలే మేడం."

"నువ్వన్నా చెప్పాల్సింది."

అతను సంచి తాడు ముడి వేస్తూ అన్నాడు. "చెప్పబోయిన. ఆమెనే ఆపింది. మేడం ఇంకో మూడు నెలలకు దిగిపోతది, పోయేటామెకు ఎందుకు మాట అన్నది."

నేను ఆమెకు కనబడాలని రెండుసార్లు గూడెం దాకా వెళ్ళాను. మొదటిసారి ఆమె అడవికి వెళ్ళింది. రెండోసారి ఇంట్లోనే ఉంది. మంచమేసి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. పండుగ అయిపోయింది, లడ్డూ తినమంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఎండ గురించి, బస్సు గురించి మాట్లాడుకున్నాం. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని అడగకుండానే తిరిగొచ్చాను. జూన్లో శాలువా కప్పారు, దండ వేశారు. సర్వీసులో ఒక్కసారి కూడా టైం తప్పని మనిషి అని పొగిడారు. ప్యాకర్ చివరి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. మరుసటి జనవరిలో ఆమె మిర్చి ట్రాలీ ఎక్కిందని తరువాత తెలిసింది.

ఇది జరిగి నాలుగేళ్ళు. మా పిల్ల డబ్బా విప్పుతూ అడిగిన ఆ సాయంత్రం ఇదంతా దానికి చెప్పాను. అది విని, "పెద్దమ్మా, నువ్వేం కావాలని చేసినవా" అంది. చిన్నపిల్ల, నన్ను ఓదార్చాలని చూసింది. కావాలని చేసిన తప్పుకైతే శిక్ష ఉంటుంది, తీరిపోతుంది. మంచి చేస్తున్నాననుకుని చేసినది తీరదు.

తరువాత వారానికే, మార్చి ఆఖరున, పోస్ట్‌మ్యాన్ నా పేరున ఒక పార్సిల్ తెచ్చాడు. పాత అట్టపెట్టె తిరగేసి మడిచి కట్టారు. టేపు కూడిక గుర్తులా వేసి ఉంది. నేను నేర్పిన పద్ధతి. పంపినవారి చోట మా ప్యాకర్ అక్షరాలు. గూడెం పేరు కింద రెండే రెండు మాటలు రాశాడు. పండుగ అయింది.

మా పిల్లే విప్పింది. విస్తరాకులో ఆరు లడ్డూలు. ఒకటి పైన పెట్టి ఉంది. దాని అంచున ఒక ముక్క చిదిమి ఉంది.

"ఛీ, ఎవరో తిని పంపిండ్రు పెద్దమ్మా" అంది అది.

కుర్చీలో కూలబడ్డాను. తిని పంపలేదు. చూసి పంపింది. కళ్ళు మూసుకుని నమిలి, మంచిగైంది అనుకుని, అప్పుడు కట్టింది.

నేను ఆ లడ్డూనే తీసుకున్నాను. "పెద్దమ్మా, లెంట్ గదా! ఈస్టర్ ఇంకా పది రోజులుంది" అని అది చెయ్యి పట్టుకుంది. "దేవుడికి నేను చెప్పుకుంట, నువ్వు చెయ్యి తియ్యి" అన్నాను. చిదిమిన వైపే కొరికాను. నమిలాను. కళ్ళ నీళ్ళు కారుతుంటే అలాగే మొత్తం తిన్నాను.

చేతులు కడుక్కోకుండానే ప్యాకర్‌కు ఫోన్ చేశాను. అతనూ రిటైరయ్యాడు.

"ఆమెను పిలువయ్యా. ఒక్క మాట చెప్పాలె. తీపి సరిపోయిందని చెప్పాలె. ఇంకోటి గూడ చెప్పాలె, నువ్వు పెద్దలను గూడ పిలువు" అన్నాను.

"ఆమె ఊళ్ళ లేదు మేడం. పండుగకు నాలుగొద్దులు వచ్చి పోయింది. లడ్డూలు కట్టి నా దగ్గర పెట్టి మళ్ళ మిర్చికి పోయింది."

"మరి పిల్ల? పిల్ల ఎవరి దగ్గరుంది?"

"పిల్ల గూడ పోయింది మేడం. తొమ్మిదిలనే ఆపేసింది గదా. ఇప్పుడు తల్లికంటె జల్దీ ఏరుతదట."